వైఫై నా పేరున ఉంది, నోటీసు నాకొచ్చింది: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది అనంతపురం సాయినగర్. నాకు 66 ఏళ్లు, టీచరుగా రిటైరయినాను. కింద నేనూ మా ఇంటామె ఉంటాం. మిద్దెపైన రెండు పోర్షన్లు బాడుగకిచ్చినాం. అయిదుగురు పిల్లోళ్లు చదువుకుంటా ఉంటారు. ఫైబర్ నెట్టు నా పేరున ఉంది, పాస్‌వర్డ్ అందరికీ ఇచ్చినాను. మొన్న స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చి నోటీసు ఇచ్చిపోయినాడు. ఎవరో ఒక ఆడపిల్ల ఫొటోను మార్ఫింగ్ చేసి, ఆమె పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో దొంగ ఖాతా తెరిచినారంట. మా కనెక్షన్ ఐపీ నుంచే, ఫలానా తేదీ 17:10కి ఆ పోస్టు పోయిందని నోటీసులో రాసినారు. సాయంత్రం ఆ పొద్దుకు పిల్లోళ్లెవరూ ఇంట్లో ఉండరు, నేనొక్కణ్ణే ఉంటాను. పిల్లోళ్ల ఫోన్లు లాక్కొని చూడమని మా బామ్మర్ది అంటాడు. రౌటర్ పీకి పారేసి కొత్తది పెట్టించుకోమని పక్కింటాయన అంటాడు. పైనున్నోళ్లలో ఒకని మీద నాకు అనుమానం ఉంది. కనెక్షన్ నాది కాబట్టి నేరం నా మీదికే వస్తుందా? ఆ పిల్లోని పేరు చెప్పేయొచ్చా?
— ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: మాస్టారూ, ముందు ఆ రెండు సలహాలనూ పక్కన పెట్టండి. పిల్లల ఫోన్లు ముట్టుకోవద్దు, రౌటర్‌ను కదిలించొద్దు. మిగతాదంతా నింపాదిగా చూసుకోవచ్చు గానీ, ఈ రెండింట్లో ఏది చేసినా తర్వాత దిద్దుకునే వీలుండదు.

రౌటర్ పారేస్తే ఆధారం మాయం చేశారనే మాట పడుతుంది. కోర్టు ముందుకు రావాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును రాకుండా చేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద వేరే నేరం. ఇప్పటిదాకా మీరు కనెక్షన్ ఉన్న మనిషి మాత్రమే. ఆ పని చేస్తే మీ చేతులతో మీరే కేసులోకి దిగినట్టవుతుంది. ఫోన్లు లాక్కోవడమూ అంతే. ఒకరి ఫోన్ వాళ్ల అనుమతి లేకుండా తెరవడం ఐటీ చట్టం 43వ సెక్షన్‌కు తగులుతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. మీరు ఆ ఫోన్‌లో ఇన్‌స్టాగ్రామ్ తెరిచిన నిమిషం నుంచి, యాప్ చివరిసారి ఎప్పుడు వాడారనే గుర్తులు, కొన్ని ఫైళ్ల సమయాలు మారిపోతాయి. నిజంగా ఆ పిల్లవాడే చేసి ఉన్నా, ఈ ఫోన్ ఎవరెవరి చేతుల్లో తిరిగిందని రేపు అతని లాయరు మొదట అడుగుతాడు. దానికి జవాబు లేకపోతే ఆ అమ్మాయి కేసు బలహీనపడుతుంది. ఆమె ఎవరో మీకు తెలియకపోవచ్చు. ఆమెకు న్యాయం జరగాలన్నా మీరు ఫోన్ల జోలికి పోకూడదు.

ఇప్పుడు నోటీసు తీసి, అది ఏ సెక్షన్ కింద వచ్చిందో చూడండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 179 అయితే మిమ్మల్ని సాక్షిగా పిలిచారు. 94 అయితే పత్రమో పరికరమో తెచ్చివ్వమంటున్నారు. 35(3) అయితే అనుమానితుడిగా హాజరు కమ్మంటున్నారు. ఈ మూడింటికీ తేడా చాలా ఉంది. 179 కింద పిలిస్తే 60 ఏళ్లు దాటిన మగవాళ్లను, ఏ వయసు ఆడవాళ్లనైనా ఇంటి నుంచి స్టేషన్‌కు రమ్మని ఒత్తిడి చేయకూడదు. పోలీసులే ఇంటికొచ్చి అడగాలి. మీకు 66 ఏళ్లు కాబట్టి ఇది వర్తిస్తుంది, మీ ఇంటామెకూ వర్తిస్తుంది. మీకై మీరు వెళ్తానంటే అది మీ ఇష్టం. 35(3)కు ఈ సౌకర్యం లేదు, తప్పక హాజరు కావాలి. చెప్పిన రోజున హాజరవుతూ ఉంటే, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయకుండా అరెస్టు చేయకూడదని అదే సెక్షన్ చెబుతుంది. 35 కింద నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. మీకు చేతికే ఇచ్చారు కాబట్టి ఆ పేచీ లేదు. అయినా చెప్పడం ఎందుకంటే, ఇలాంటి భయంలో ఉన్నవాళ్లకు వీడియో కాల్ చేసి 'డిజిటల్ అరెస్టు' అని డబ్బు గుంజే ముఠాలున్నాయి. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. ఫోన్ వస్తే పెట్టేసి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

నోటీసు మీద ఎఫ్‌ఐఆర్ నంబరు, అధికారి పేరు, హోదా ఉన్నాయో లేదో కూడా చూడండి. ఐటీ చట్టం నేరాలను ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలని 78వ సెక్షన్ చెబుతుంది. కానిస్టేబుల్ నోటీసు తెచ్చివ్వడంలో తప్పేమీ లేదు, సంతకం ఎవరిదన్నదే చూడాల్సింది.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది మాత్రం ఆ 17:10.

పెద్ద కంపెనీలు పోలీసులకు ఇచ్చే లాగుల్లో, అంటే వాడకం నమోదుల్లో, సమయం సాధారణంగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలమానంలో ఉంటుంది. మన సమయం దానికి అయిదున్నర గంటలు ముందు. అంటే ఆ 17:10 యూటీసీ అయితే ఇక్కడ రాత్రి 10:40. సాయంత్రం అయిదూ పదికి మీ ఇంట్లో మీరొక్కరే. రాత్రి 10:40కి మిద్దెపైన అయిదుగురూ ఉంటారు, వాళ్ల స్నేహితులూ ఉండొచ్చు. ఒక్క అంకెను ఎలా చదివామన్న దాన్ని బట్టి అనుమానం ఒకరి మీది నుంచి ఇంకొకరి మీదికి మారిపోతుంది. యూటీసీలో 18:30 దాటితే మనకు తేదీ కూడా మారుతుంది. అక్కడ 4వ తేదీ రాత్రి జరిగినట్టున్నది మన లెక్కలో 5వ తేదీ తెల్లవారుజాము అవుతుంది. నోటీసులో ఉన్నది ఏ సమయమో నేను ఊహించి చెప్పలేను, మీరూ ఊహించొద్దు. రాసి అడగండి: 'నోటీసులోని 17:10 భారత కాలమానమా, యూటీసీయా?' ఇది వాళ్లకు అడ్డం చెప్పడం కాదు. మంచి దర్యాప్తు అధికారి ఈ ప్రశ్నను తానే ముందు వేసుకుంటాడు.

రెండో ప్రశ్న పోర్టు నంబరు గురించి. ఐపీ చిరునామా అంటే ఇంటి నంబరులాంటిదని చాలామంది అనుకుంటారు. పాత పద్ధతి ఐపీ చిరునామాలు ప్రపంచానికే చాలడం లేదు కాబట్టి, చాలా నెట్ కంపెనీలు ఒకే చిరునామాను ఒకే సమయంలో అనేక ఇళ్లకు పంచుతాయి. ఎవరి రాకపోకలు ఎవరివో పోర్టు నంబరుతోనే విడదీస్తాయి. ఒక చిరునామాకు 65,536 పోర్టులుంటాయి. మొదటి 1,024 పక్కన పెట్టి ఇంటికి వెయ్యి చొప్పున కేటాయిస్తే, ఒకే ఐపీ మీద 64 ఇళ్లు ఉండొచ్చు. అలాంటి చోట ఐపీ, సమయం మాత్రమే ఇచ్చి 'ఇది ఎవరిది?' అని అడిగితే నెట్ కంపెనీ ఒక్క పేరు చెప్పడానికి వీల్లేదు. సెకన్లతో సహా సమయం, పోర్టు నంబరు రెండూ కావాలి. సర్వర్లు పోర్టునూ నమోదు చేసుకోవాలని 2011లోనే సాంకేతిక ప్రమాణాల్లో సిఫారసు చేశారు. అందరూ దాన్ని పాటించరు.

మీ కనెక్షన్ ఇలా పంచుకున్నదా కాదా అని మీరే చూసుకోవచ్చు. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద లాగిన్ వివరాలుంటాయి. బ్రౌజర్‌లో ఆ పేజీ తెరిచి 'వాన్' (WAN) చిరునామా, అంటే నెట్ కంపెనీ మీ రౌటర్‌కు ఇచ్చిన ఐపీ, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీది పంచుకున్న ఐపీ. 10తో మొదలైనా చాలావరకు అంతే. చూడండి, ఫొటో తీసుకోండి, ఏదీ మార్చొద్దు. ఈ తనిఖీ ఇప్పటి పరిస్థితి చెబుతుంది గానీ ఆ రోజుది కాదు. ఆ రోజుది కంపెనీ లాగే చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు కనీసం 180 రోజులు దాచాలి. ఆ గడువు దాటితే మీ నిర్దోషిత్వాన్ని చూపే లాగు కూడా పోవచ్చు. అందుకే ఆ రోజు లాగును భద్రపరచమని నెట్ కంపెనీకి ఇప్పుడే ఒక ఈమెయిల్ పెట్టండి. వాళ్లు లాగు మీ చేతికివ్వరు, ఇవ్వాల్సిన పనీ లేదు. మీరు అడిగినట్టు తేదీతో సహా రుజువు ఉంటే చాలు.

నెట్ కంపెనీ ఇచ్చే పేరు తప్పయ్యే అవకాశం కూడా కాగితం మీది మాట కాదు. 2007లో ఆర్కుట్ అనే అప్పటి సోషల్ మీడియా సైటులో పెట్టిన పోస్టు కేసులో పుణె పోలీసులు బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని అరెస్టు చేశారు. ఆయన దాదాపు 50 రోజులు జైల్లో ఉన్నాక, ఐపీకి కంపెనీ జత చేసిన చందాదారు వివరమే తప్పని తేలింది.

సరే, సమయమూ పోర్టూ సరిపోయి, పోస్టు మీ కనెక్షన్ నుంచే వెళ్లిందని రుజువైందనుకుందాం. అప్పటికి తెలిసిందేమిటి? కరెంటు మీటరు మీ పేరున ఉంది, యూనిట్లు తిరిగాయి. ఏ గదిలో ఫ్యాను వేశారో, ఎవరు వేశారో మీటరు చెప్పదు. ఐపీ కూడా మీ ఇంటి గడప దాకానే వస్తుంది. గడప లోపల ఏ పరికరం, ఆ పరికరం ఎవరి చేతిలో అన్నవి వేరే వేరే ఆధారాలతో రుజువు చేయాలి. 2018 ఆగస్టులో అమెరికాలో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ముందుకు అచ్చం మీలాంటి పరిస్థితే వచ్చింది. ఒకాయన నడిపే సంరక్షణ గృహంలో ఉండేవాళ్లూ వచ్చిపోయేవాళ్లూ ఆయన నెట్టే వాడేవారు. కాపీరైట్ ఉన్న సినిమా ఆ ఐపీ నుంచి డౌన్‌లోడ్ అయింది. కనెక్షన్ ఆయన పేరున ఉన్నంత మాత్రాన దావా నిలవదని కోర్టు చెప్పింది. అది సివిల్ దావా, పైగా మన కోర్టులను కట్టిపడేయదు. మన దగ్గర క్రిమినల్ కేసులో రుజువు భారం ఇంకా బరువైనది. ప్రత్యక్ష సాక్షి లేనప్పుడు పరిస్థితుల గొలుసులో ఏ లింకూ తెగకూడదని, నిందితుడు తప్ప ఇంకొకరు చేసి ఉండొచ్చనే సహేతుకమైన అవకాశం మిగలకూడదని సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్ధీచంద్ సారడా కేసులో చెప్పిన సూత్రమే ఇప్పటికీ ఆధారం. ఒకే వైఫై మీద ఏడుగురుంటే, ఐపీ ఒక్కటే ఆ గొలుసు ఎన్నటికీ కాదు.

గడప లోపల ఏముంటుందో చూద్దాం. రౌటర్‌లో కనెక్టయిన పరికరాల జాబితా ఉంటుంది, ఒక్కోదానికి మ్యాక్ చిరునామాతో, అంటే ఆ పరికరం గుర్తింపు నంబరుతో. ఇంట్లో వాడే రౌటర్లలో ఇది తాత్కాలిక మెమరీలో ఉంటుంది. ఒకసారి కరెంటు పోయి వచ్చిందంటే పాతది చాలావరకు పోయినట్టే. అనంతపురంలో అది ఎన్ని రోజులు నిలిచి ఉంటుందో మీకే తెలుసు. ఇంకో చిక్కుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు అసలు మ్యాక్‌ను దాచి ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్‌ను చూపిస్తాయి. పెట్టె మీద అచ్చువేసిన నంబరుతో పోల్చి 'ఇది ఈ పిల్లోనిది కాదు' అనుకుంటే పొరపాటు. ఆ ఫోన్‌లోనే, ఆ వైఫై వివరాల్లో చూస్తేనే కల్పిత నంబరు కనిపిస్తుంది. అది ఫోరెన్సిక్ వాళ్లు చేసే పని. మీరు చేయగలిగింది రౌటర్ పేజీని ఇంకో ఫోన్‌తో ఫొటో తీయడం, రౌటర్ గడియారం ఎంత చూపుతోందో రాసిపెట్టడం. కొన్ని రౌటర్లలో ఆ గడియారం ఏళ్ల తరబడి వెనక ఉంటుంది.

మెట్ల దగ్గర సీసీ కెమెరా ఉంటే దాన్ని ముందు చూసుకోండి. కెమెరా దృశ్యాలను రికార్డు చేసే పెట్టెలు, అంటే డీవీఆర్‌లు, చాలావరకు కొన్ని వారాలకే పాతదాని మీద కొత్తది రాసేస్తాయి. సాయంత్రం 4 నుంచి 6 వరకు, రాత్రి 9 నుంచి 12 వరకు రెండు భాగాలూ కావాలి. డీవీఆర్ గడియారాన్ని మీ ఫోన్ గడియారంతో పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి, తేడా ఎన్ని నిమిషాలో తెలుస్తుంది. కెమెరా కూడా ఎవరు మెట్లెక్కారో చెబుతుంది గానీ లోపల ఫోన్ ఎవరు పట్టుకున్నారో చెప్పదు.

పరికరం దొరికాక దాన్ని మనిషికి ముడిపెట్టడం అన్నిటికన్నా కష్టమైన భాగం. దొంగ ఖాతా ఒక ఫోన్‌లో లాగిన్ అయి ఉండటం మంచి ఆధారమే. అయినా హాస్టళ్లలో, పోర్షన్లలో ఒకరి ఫోన్ ఇంకొకరు తీసుకోవడం మామూలే. దర్యాప్తు బాగా చేసేవాళ్లు చుట్టుపక్కల గుర్తులు వెతుకుతారు: ఆ పది నిమిషాల్లోనే అదే ఫోన్ నుంచి ఆ మనిషి యూపీఐ చెల్లింపు చేశాడా, ఇంటికి మాట్లాడాడా, ఖాతా తెరవడానికి ఇచ్చిన నంబరు, ఈమెయిల్ ఎవరివి, మార్ఫింగ్‌కు ముందున్న అసలు ఫొటో గ్యాలరీలో ఉందా, ఎడిటింగ్ యాప్‌లో సగంలో వదిలిన పని ఉందా, ఆ అమ్మాయితో అతనికి ముందు పరిచయం ఉందా. వీటిలో నాలుగైదు ఒకే మనిషి వైపు చూపిస్తే అప్పుడు అది రుజువు అనిపించుకుంటుంది. ఏదీ లేకుండా ఐపీ ఒక్కటే పట్టుకుని ఛార్జిషీటు వేస్తే నిర్దోషి నలిగిపోతాడు, దోషి తప్పించుకుంటాడు, ఆ అమ్మాయికి ఏదీ దక్కదు.

పోలీసులు ఏదైనా స్వాధీనం చేసుకుంటే అడ్డుపడొద్దు. కానీ పద్ధతి తెలిసి ఉండండి. సోదా, స్వాధీనం అంతా వీడియో తీయాలని, జాబితా మీద సాక్షుల సంతకాలు ఉండాలని నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతుంది. ఆ జాబితాలో రౌటర్ సీరియల్ నంబరు, ఫోన్ అయితే దాని గుర్తింపు నంబరు ఐఎంఈఐ, సీలు వేసినట్టు ఉండాలి. పంచనామా నకలు అడిగి తీసుకోండి. డేటా నకలు తీస్తే హ్యాష్ విలువ, అంటే ఆ డేటా నుంచి లెక్కకట్టే వేలిముద్రలాంటి అంకె, రాయించండి. ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క పద్ధతి అయితే అది 64 అక్షరాలంత పొడవుంటుంది. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ విలువ మొత్తం మారిపోతుంది కాబట్టి తర్వాత ఎవరూ చేయి పెట్టలేదని అదే చెబుతుంది. దర్యాప్తు సాగదీసి పరికరం తిరిగి రాకపోతే అదే సంహిత 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మీరు డీవీఆర్ ఫుటేజీని పెన్‌డ్రైవ్‌లో ఇస్తే దానితోపాటు సర్టిఫికెట్ అడుగుతారు. 2024 జులై 1 నుంచి పాత ఎవిడెన్స్ చట్టం 65బి స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ వచ్చింది. దాని సర్టిఫికెట్‌లో ఏ, బి అని రెండు భాగాలు. ఏ భాగం ఇచ్చేవాళ్లు సంతకం పెట్టాలి, బి భాగం నిపుణుడు పెట్టాలి, రెండింట్లోనూ హ్యాష్ విలువ ఉండాలి. నకలుకు సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అసలు పరికరాన్నే దాని యజమాని కోర్టుకు తెచ్చి సాక్ష్యమిస్తే ఆ అవసరం లేదని కూడా అదే తీర్పులో ఉంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఈ సర్టిఫికెట్ ఆ రికార్డు ఫలానా యంత్రం నుంచి సక్రమంగా వచ్చిందని మాత్రమే చెబుతుంది. నేరం ఎవరు చేశారో చెప్పదు.

మాట్లాడేటప్పుడు తెలిసింది తెలిసినట్టు చెప్పండి. నాగరిక్ సురక్షా సంహిత 180వ సెక్షన్ ప్రకారం నిజం చెప్పాలి, కానీ మిమ్మల్ని మీరే నేరంలోకి నెట్టుకునే ప్రశ్నకు జవాబివ్వనక్కర్లేదు. ఆ వాంగ్మూలం రాసుకున్నా దాని మీద మీ సంతకం తీసుకోకూడదని 181 చెబుతుంది. మీ వైపు నుంచి ఒక పేజీ రాతపూర్వక జవాబు ఇచ్చి, నకలు మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. కనెక్షన్ ఎప్పుడు తీసుకున్నారు, పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు, పాస్‌వర్డ్ ఎప్పుడైనా మార్చారా, పైన ఎవరెవరు ఎప్పటి నుంచి ఉంటున్నారు, సమయం గురించీ పోర్టు గురించీ మీ రెండు ప్రశ్నలు. 'మా ఇంటి నుంచి వెళ్లలేదు' అని మాత్రం రాయొద్దు. అది మీకు తెలియని సంగతి. రేపు వెళ్లిందని తేలితే మీరు అబద్ధమాడినట్టు అవుతుంది.

మీ ఫోన్ పాస్‌వర్డ్ అడిగితే, సాక్షిగా ఉన్నంతవరకు ఒక సంగతి, నిందితుడైతే ఇంకో సంగతి. రాజ్యాంగం 20(3) అధికరణ నిందితుడికి రక్షణ. దాని హద్దు పాస్‌వర్డ్‌ల విషయంలో ఎంతవరకు అన్నదాని మీద హైకోర్టుల్లో భిన్నమైన తీర్పులున్నాయి. ఆ ప్రశ్న వచ్చిన రోజున లాయరు పక్కన ఉండాలి.

ఇక ఆ పిల్లవాడు. మీరు అనుమానం అన్నారు గానీ దేని మీద అన్నది రాయలేదు. అతని ఫోన్‌లో ఆ అమ్మాయి ఫొటో మీ కళ్లతో చూశారా, ఆమె గురించి మాట్లాడటం విన్నారా, అలాగైతే ఏ రోజు, ఎక్కడ, ఎవరున్నారు అన్నది చెప్పండి. చెప్పి తీరాలి. రాత్రుళ్లు మేలుకుంటాడని, బాడుగ ఆలస్యంగా ఇస్తాడని, ఎవరితోనూ కలవడని అయితే, అది అడ్డం పెట్టి పేరు చెప్పొద్దు. అధికారి ముందు మంచి ఉద్దేశంతో చేసిన ఫిర్యాదుకు న్యాయ సంహితలోని పరువు నష్టం సెక్షన్ 356లో మినహాయింపు ఉంది. వీధిలో, వాట్సాప్ గ్రూపులో చెప్పినదానికి లేదు. ఇరవై ఏళ్ల కుర్రాడి మీద ఇలాంటి మాట ఒకసారి సాయినగర్‌లో పడితే, తర్వాత కోర్టు కొట్టేసినా ఆ మాట వీధిలో ఉండిపోతుంది. బామ్మర్దికి కూడా ఇది చెప్పండి.

దర్యాప్తు అధికారి రౌటర్ చూసుకున్నాక, వాళ్లకు చెప్పి పాస్‌వర్డ్ మార్చండి. 2008లో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబైలో ఒక అమెరికా పౌరుడి ఇంటి వైఫై నుంచి వెళ్లింది. వేరేవాళ్లు ఆయన వైఫైలోకి చొరబడి పంపారని తేలేదాకా ఆయన ప్రశ్నలు ఎదుర్కొంటూనే ఉన్నాడు. రౌటర్‌లో వైఫై భద్రతా పద్ధతిగా డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ పెట్టండి, దాని అడ్మిన్ పాస్‌వర్డ్‌ను కూడా స్టిక్కర్ మీదున్నది కాకుండా మార్చండి. నెట్ కంపెనీ ఒప్పందంలో కనెక్షన్‌ను ఇతరులకు పంచకూడదన్న షరతు ఉందేమో చదవండి. ఉంటే అది నేరం కాదు గానీ కంపెనీ కనెక్షన్ కత్తిరించవచ్చు. వచ్చే నెల నుంచి పైన ఒక్కో పోర్షన్‌కు వాళ్ల పేరున, వాళ్ల ఆధార్‌తో వేరే కనెక్షన్ తీసుకోమని పిల్లలకు చెప్పండి. బాడుగ కాగితంలో ఆ ఒక్క వాక్యం చేర్చండి.